రాగి చెప్పిన తాత, రాయి చెప్పిన రాజు

ఎర్రగుంట్ల నుంచి కలమళ్లకు పోతే కళ్లలో పడేది నాపరాళ్ల దుమ్ము, దూరంగా కనిపించేవి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఆ ఊరి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయ ప్రాంగణంలోని విరిగిన రాతి కంభం మీద సుమారు 575 నాటి తెలుగు అక్షరాలు వెలుగు చూశాయి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చాక ఈ శాసనం పేరు బడిపిల్లలకు కూడా తెలిసింది. అయితే అందరూ అందులో భాషనే వెతుక్కుంటారు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు అనే మనిషి ఎవరు, ఎవరి కొడుకు, ఎవరికి తండ్రి అని అడిగేవాళ్లు తక్కువ.

అడిగితే, కలమళ్ల రాయి జవాబు చెప్పదు. అతను రేనాడు అనే ఈ సీమను ఏలుతున్నాడంటుంది. చిఱుంబూరి రేవణకాలు అనే మరో మనిషిని చూపిస్తుంది. ఆ చిఱుంబూరు ఇప్పటి చిలంకూరే అని పండితుల మాట. అక్కడి నుంచి రాయి చెదిరిపోయింది. తండ్రి పేరు లేదు, గోత్రం లేదు, సూర్యవంశం ఊసే లేదు.

జవాబు కమలాపురం దగ్గరి మాలేపాడులో ఉంది. అక్కడ దొరికిన రాగిరేకులు సంస్కృతంలో ఉన్నాయి, రాయించినవాడు పుణ్యకుమారుడు. కావేరికి కట్టవేసిన చోళరాజు కరికాలుడి వంశంలో, కాశ్యప గోత్రంలో నందివర్మ పుట్టాడు. అతనికి సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ అని ముగ్గురు కొడుకులు. ధనంజయవర్మ కొడుకు మహేంద్రవిక్రమవర్మ. అతని కొడుకులు గుణముదితుడు, పుణ్యకుమారుడు. ఎక్కడా తడబాటు లేని వంశవృక్షం.

నాకు అనుమానం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఈ రేకులు ధనంజయుడివి కావు, మనవడివి. తాత ఏం చేశాడు, ఏ ఊళ్లో ఉన్నాడు, ఎవరికి ఏమిచ్చాడు అన్నది మనవడికి అక్కరలేదు. కరికాలుడి నుంచి తన దాకా వచ్చే నిచ్చెనలో తాత ఒక మెట్టు, అంతే. దానం పుచ్చుకునే బ్రాహ్మణుడికీ, ఇచ్చే రాజుకీ వంశం ముఖ్యం. రాయి దగ్గరి అవసరం వేరు: ఈ ఏలుబడిలో, ఈ ఊళ్లో, ఫలానావాడి చేతుల మీదుగా ఈ పని జరిగిందని నలుగురికీ తెలియాలి. అందుకే అది ఊరి మాటలో ఉంది.

రాగిలోని ధనంజయవర్మా రాయిలోని ధనంజయుడూ ఒకరేనని ఎలా చెప్పగలం? పేరూ, ప్రాంతమూ, లిపీ కలిసి చెబుతున్నాయి, అంతకంటే గట్టి ఆధారం లేదు. ఎర్రగుడిపాడు శాసనం ఇంకా ఇరకాటంలో పెడుతుంది. అందులో ఎరికల్ ముత్తురాజు అన్న బిరుదుంది, ఇచ్చిన పన్నస, అంటే భూదానం ఉంది, ధనంజయుడి పేరు లేదు. బిరుదు ఇంటిది కూడా కావచ్చు కదా! మాలేపాడు రేకుల కాలమూ మొదట్లో తప్పటడుగే. వాటిని పరిష్కరించిన హెచ్. కృష్ణశాస్త్రి లిపిని బట్టి ఎనిమిదో శతాబ్దం దాకా జరిపారు. తర్వాత నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య ఈ ప్రాంతపు తెలుగు రాళ్లన్నీ పక్కపక్కన పెట్టి చదివి ఇంకా పాత కాలానికి తెచ్చారు. రాగికి తేదీ సరిచేసింది రాళ్లే.

ఇలాంటి చిక్కే ఐరోపాలో, ఫ్రాంకుల రాజ్యంలో రాబర్ట్ ది స్ట్రాంగ్ కథలోనూ ఉంది. 866లో బ్రిసార్త్ దగ్గర వైకింగులతో పోరాడి చచ్చిపోయిన సరదారు అతను. అతని ఇద్దరు కొడుకులూ రాజులయ్యారు, మునిమనవడు హ్యూ కాపే 987లో గద్దెనెక్కాడు. అయినా రాబర్ట్ తండ్రి ఎవరో తేలలేదు. శతాబ్దం తర్వాత రిషేర్ అనే సన్యాసి, జర్మనీ నుంచి వచ్చిన విటిషిన్ అని రాశాడు. నేటి చరిత్రకారులు దాన్ని నమ్మక, పేర్ల వెంట నడిచారు. ఫ్రాంకు కుటుంబాల్లో రాబర్ట్, ఓడో వంటి పేర్లు తరతరాలా తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి, పేరు పట్టుకుంటే నెత్తురు దొరుకుతుందని వాళ్ల లెక్క.

ఆ లెక్క రేనాటికి తెచ్చి చూడండి. నందివర్మ, సింహవిష్ణువు, మహేంద్రవిక్రముడు: అన్నీ కంచి పల్లవుల పేర్లే. పేరు పట్టుకుని నడిస్తే కమలాపురం వదిలి కాంచీపురంలో తేలతాం. తర్వాతి తరాల్లో మాలేపాడులోనే ఉన్న ఒక రాతి మీద, రేనాడు ఏడువేలు, సిద్ధి వేయి అనే సీమలు ఏలే సత్యాదిత్యుడు కనిపిస్తాడు, శక్తికుమార విక్రమాదిత్యుడి కొడుకుగా. ఇప్పుడు పేర్ల గాలి బాదామి చాళుక్యుల వైపు తిరిగింది. ఫ్రాంకుల్లో చార్లెస్, లూయీ వంటి పేర్లు చక్రవర్తి ఇంటి సొత్తు, సరదార్లు వాటి జోలికి పెద్దగా పోయేవాళ్లు కాదు. మనవాళ్లు మాత్రం పెద్దరాజు పేరు తెచ్చి నిస్సంకోచంగా బిడ్డకు పెట్టుకున్నారు. రేనాటి చోళుల పేర్లలో నేను చదివేది వంశాన్ని కాదు, ఆ ఏడాది గాలి ఎటు వీచిందన్నదాన్ని. రాగిరేకులు వంశపత్రంగా ఎంత నమ్మదగ్గవో తెలియాలంటే ముందు ఈ పేర్లనే నిలదీయాలి.

అయితే పుణ్యకుమారుడి బిరుదుల్లో ఒకటి సంస్కృతపు పట్టు తెంచుకుని "పిడుగు"తో ముగుస్తుంది. ఎంత దాచినా ఇంటిమాట అక్కడక్కడా బయటపడుతుంది.

ఆడవాళ్ల విషయంలో రాగి మరీ పిసినారి. నందివర్మ భార్య, ధనంజయుడి భార్య, ఎవరి పేరూ లేదు. పుణ్యకుమారుడి రాణి వసంతపోరి చోళమహాదేవి మాత్రం శాసనాల్లో పేరుతో నిలబడింది. ఫ్రాంకుల్లో దువోడా అనే తల్లి 841, 843 మధ్య కొడుకు విలియం కోసం పుస్తకమే రాసి, ప్రార్థించాల్సిన చనిపోయిన బంధువుల పేర్లన్నీ వరసగా చెప్పింది. ధనంజయుడి ఇంట్లో అలాంటి జాబితా ఎవరి నోటనో ఉండే ఉంటుంది. మనకు చేరింది మగవాళ్ల వరస, దానికి తోడు ఎర్రగుంట్ల పక్కన ఒక సగం రాయి. ఆ సగం రాయిలో ధనంజయుడి పక్కన అతని అన్నదమ్ములెవరూ లేరు. ఉన్నవాడు రేవణకాలు ఒక్కడే.