వారానికి రెండు పూటలు

చేపల్ని పెంచడమంటే మేత చల్లి మురిసిపోవడమే అనుకునేవాళ్లకు లంగ్‌ఫిష్ పనికిరాదు. వనపర్తిలో మా ఇంటి హాల్లో, టీవీ ఉండాల్సిన చోట, నాలుగడుగుల గాజు తొట్టిలో ఒకటి ఉంది. ఆఫ్రికా జాతి. ఇంటర్‌లో జువాలజీ చదివినవాళ్లకు ప్రోటోప్టెరస్ అంటే గుర్తొస్తుంది. మూరెడు దాటింది. బూడిదరంగు ఒంటి మీద నల్లమచ్చలు, రెక్కలుండాల్సిన చోట నూలుపోగుల్లాంటివి నాలుగు వేలాడుతుంటాయి. చుట్టాలొస్తే పిల్లలు గాజు మీద వేళ్లతో కొడతారు. అది కదలదు. "మేత వెయ్యి పెద్దనాయినా, ఎట్ల తింటదో చూస్తం" అంటారు. వెయ్యను. మా ఇంట్లో దాని గురించి జరిగే గొడవంతా ఇదే.

పిల్లగా ఉన్నప్పుడు రోజూ పెట్టాలి. ఎదిగాక వారానికి రెండు పూటలు, మహా అయితే మూడు. ఆఫ్రికాలో అది బతికే మడుగులు ఎండాకాలం ఎండిపోతాయి. అది బురదలోకి దూరి, ఒంటి చుట్టూ జిగురుతో గూడు కట్టుకుని, నోటి దగ్గర గాలికి సన్నని దారి ఒకటి ఉంచుకుని పడుకుంటుంది. వానలు పడేదాకా నెలల తరబడి తిండీ నీళ్లూ ఉండవు. సొంత కండే దానికి ఆహారం. ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి అట్లా బతికించిన దాఖలాలున్నాయి. (ఇంట్లో ఆ ప్రయోగం జోలికి పోవద్దు. తేడా వస్తే బురదలో శవమే మిగులుతుంది.) అంత పొదుపుగా బతకగల ఒళ్లు అది. దానికి పూట పూటకూ పెడితే కొవ్వు పడుతుంది, నీళ్లు పాడవుతాయి. మన దగ్గర ప్రేమంటే విస్తట్లో ఇంకో ముద్ద. వద్దన్నా వడ్డిస్తేనే మర్యాద. ఆ అలవాటున్న చేతిని ఆపుకోవడమే ఈ పెంపకంలో కష్టమైన పని.

పెట్టే రోజున మాత్రం మంచి తిండి పెట్టాలి. ఎర్రలు, నత్తలు, పొట్టుతో సహా చిన్న రొయ్యలు, చేప ముక్కలు. ఒకటే రకం పట్టుకోవద్దు, మార్చి మార్చి వేయాలి. రొయ్యల మీదే బతికిస్తే విటమిన్ల లోటు వస్తుంది. పొలం నత్తల్లో పరాన్నజీవులుంటాయి కాబట్టి ఫ్రీజర్‌లో కొన్నాళ్లు ఉంచి వాడటం మేలు. ఎర్రలు మా పెరట్లో అరటిచెట్టు కింద దొరుకుతాయి. గద్వాలలో ఉండేవాళ్లకు ఒక మాట: నడిగడ్డలో సీడ్ పత్తి చేల గట్ల మీద ఎర్రలు తవ్వి తేవద్దు. ఆ చేలమీద ఎంత మందు కొడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తినే తీరు చూడాల్సిందే. దానికి చూపు అంతంతమాత్రం. పొడవాటి పట్టకారుతో ఎర్రను అడుగున వదిలితే ముందు వాసన అందుతుంది, తల పైకెత్తుతుంది. పోగుల్లాంటి రెక్కల్తో నేలను తడుముకుంటూ, దాదాపు నడుస్తున్నట్టే వస్తుంది. పక్కకు వచ్చాక క్షణం ఆగి, చప్పున పీల్చేస్తుంది. ఎర్ర మాయం. అక్కడితో అయిపోయిందనుకుంటాం. నములుతుంది, నలిగినదాన్ని బయటకు నెడుతుంది, మళ్లీ లోపలికి పీలుస్తుంది, మళ్లీ నములుతుంది. నాలుగైదు సార్లు ఇదే తంతు. చూసేవాళ్లకు రోత పుడుతుంది. నాకు మాత్రం ఇంత తీరిగ్గా భోంచేసే జీవి ఇంకోటి కనపడలేదు. ఆ నోట్లో ఉన్నవి నత్త గుల్లను పిండి చేసే పలకల్లాంటి పళ్లు. చేత్తో తినిపించాలన్న సరదా ఉంటే మానుకోండి, వేళ్లు దక్కుతాయి. తిన్నాక మిగిలిన తునకల్ని అప్పటికప్పుడే తీసేయాలి.

ఊపిరి సంగతి. దీనికి మొప్పలున్నా అవి నామమాత్రం. ఊపిరితిత్తులు రెండు. పైకొచ్చి గాలి మింగకపోతే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. కాబట్టి తొట్టిని అంచుదాకా నింపకూడదు, మూతకూ నీటికీ మధ్య జాగా వదలాలి. మూత మీద బరువు పెట్టాలి, లేదంటే రాత్రికి రాత్రి బయటపడుతుంది. లోతుకన్నా వెడల్పు ముఖ్యం. జతగా ఇంకో లంగ్‌ఫిష్‌ను వేస్తే రెక్కలు కొరికేసుకుంటాయి, ఒంటరిగా ఉండనివ్వాలి. మిషన్ భగీరథ నీళ్లను బకెట్లో పట్టి ఒక రోజు నిలవుంచి పోస్తే క్లోరిన్ పోతుంది. ఎండాకాలం కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే పక్కింటి గోల్డ్ ఫిష్‌లు తేలిపోతాయి, దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అట్లాగని నీళ్లు మార్చకుండా వదిలేస్తే కుదరదు. గాలి పైనుంచి తెచ్చుకున్నా ఒళ్లు నానేది ఆ నీళ్లలోనే. అమోనియా దాన్నీ కాలుస్తుంది.

గాలి పీల్చే చేప మనకు కొత్త కాదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట చేసేదీ అదే. దానికి ఊపిరితిత్తులు లేవు, మొప్పల పైన గాలి పట్టే అర ఉంటుంది. చెరువు ఎండితే బురదలో దాక్కుంటుంది, మనవాళ్లు దాన్ని తవ్వి పట్టుకుంటారు. శ్రీరంగాపురం రంగసముద్రం మీదనో, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం మీదనో వల వేసే ముసలివాళ్లకు నా తొట్టి చూపిస్తే పెద్దగా ఆశ్చర్యపోరు. "కొర్రమట్టకు అన్నలెక్కుంది" అంటారు. జీవశాస్త్రం లెక్కలో ఆ చుట్టరికం చెల్లదు. ఈ చేప కొర్రమట్టకన్నా మనకే దగ్గర. నేల మీద నడిచే వెన్నెముక జీవులన్నిటికీ, బతికున్న చేపల్లో అతి దగ్గరి బంధువు లంగ్‌ఫిష్షే.

పైగా ఇది పరాయి దేశపు సరుకు అనడానికి నాకు మనసొప్పదు. ప్రాణహిత–గోదావరి లోయలో, ఆసిఫాబాద్ వైపు మలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రమట్టి రాళ్లలో దొరికిన చేప దంతాల మీద జియలాజికల్ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వ్యాసం రాశాడు. అవి సెరటోడస్ అనే లంగ్‌ఫిష్ పళ్లు. వాటిలో ఒక జాతికి నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్‌లాప్ పేరు పెట్టారు. ఆ రాళ్ల వయసు ఇరవై కోట్ల ఏళ్ల పైమాటే. ఆ పళ్ల చేప ఎప్పుడో అంతరించిందనే అప్పటి పండితుల నమ్మకం. పదకొండేళ్ల తర్వాత, 1870లో, ఆస్ట్రేలియాలో అదే తరహా పళ్లున్న చేప బతికే దొరికింది. అంటే లంగ్‌ఫిష్‌లు తెలంగాణ నీళ్లలో ఈదిన కాలానికి తెలంగాణే లేదు, గోదావరీ లేదు.

ఆ ఆస్ట్రేలియా జాతిని కొనాలని మాత్రం ఆశపడొద్దు. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటీస్ జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కేసే. దాని ఆయుష్షు తెలిస్తే ఆశ కూడా చల్లారుతుంది. షికాగో షెడ్ అక్వేరియానికి 1933లో వచ్చిన "గ్రాండ్‌డాడ్" 2017 దాకా బతికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో "మెథూసెలా"ను 1938లో తెచ్చారు. వయసు తొంభై దాటి ఉంటుందని అంచనా, అత్తిపండ్లంటే ఇష్టం, అవీ తాజావే కావాలి. ఆఫ్రికావి అన్నేళ్లు ఉండకపోయినా, ఒక అరచేతంత పిల్లను కొంటే దశాబ్దాల బాధ్యత నెత్తిన పెట్టుకున్నట్టే. మా ఇంట్లో పొలం పంపకాలప్పుడు దీన్నీ ఒకరి వాటాలో రాయాలని నేను నవ్వులాటకు అనలేదు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, సరదా తీరాక చాలామందికి తోచే ఉపాయం ఒకటుంది: దగ్గర్లోని చెరువులో వదిలేయడం. దానికి స్వేచ్ఛ ఇచ్చామని సంతోషపడతారు కూడా. గాజు తొట్లను శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న సక్కర్ చేప ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో జాలరుల వలలు చింపుతోంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను ఎప్పుడో నిషేధించినా ఇంకా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. వానాకాలం చెరువు అలుగు పారితే ఏ చేపైనా కృష్ణదాకా పోతుంది. వేసవిలో చెరువు ఎండితే బొచ్చె, రోహు, బంగారుతీగ చచ్చిపోతాయి. లంగ్‌ఫిష్‌కు అది అలవాటైన ఋతువు, వానల దాకా పడుకుంటుంది. ముదిరాజ్, గంగపుత్ర సంఘాలు చేప పిల్లల్ని వదిలి ఏడాదంతా కాచుకునే చెరువులవి, మన తొట్టి చెత్త పారబోసే గుంటలు కావు.

పెంచలేకపోతే అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి. పెంచగల మనిషిని వెతకండి. పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, సలహా అడగండి. జూరాల నుంచి సోమశిల దాకా ఏ నీళ్లలోనూ మాత్రం వదలకండి.