ఆశకు గీసిన హద్దు

ఊరు పెరిగి ఫ్యాక్టరీల మీదికి వచ్చాక ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు షికాగో నగరం 1988లో ఒక జోనింగ్ ఆర్డినెన్సుతో జవాబు చెప్పింది. దాని పేరు ప్లాన్డ్ మాన్యుఫాక్చరింగ్ డిస్ట్రిక్ట్, వాడుకలో పీఎండీ. షికాగో నది ఉత్తర పాయ ఒడ్డున క్లైబోర్న్ కారిడార్ అనే చోట, వంద ఎకరాల పైచిలుకు భూమికి దాన్ని మొదట వర్తింపజేశారు. పేరు పొడిగా ఉన్నా పనితనం గట్టిది.

క్లైబోర్న్ పక్కనే లింకన్ పార్క్ ఉంది. డబ్బున్నవాళ్లు మళ్లీ ఇష్టపడి చేరుతున్న పేట. పాత గోదాముల్ని లాఫ్ట్ ఇళ్లుగా, షాపింగ్ సెంటర్లుగా మారిస్తే ఎంత లాభమో 1980లలో బిల్డర్లకు తెలిసొచ్చింది. జోన్ మార్పు విషయంలో ఆ వార్డు నుంచి ఎన్నికైన ఆల్డర్‌మన్ మాటకు నగర సభ అడ్డు చెప్పకపోవడం షికాగో ఆనవాయితీ. దాంతో ప్లాట్లు ఒక్కొక్కటిగా చేతులు మారసాగాయి.

కొత్తగా చేరినవాళ్లకు లారీలు, పొగ, రాత్రి షిఫ్టుల చప్పుడు గిట్టవు. 1879లో మొదలైన ఫింకిల్ ఉక్కు ఫోర్జింగ్ కర్మాగారం అక్కడే ఉండేది. ఎర్రగా కాలిన ఉక్కును సాగగొట్టే పని సద్దు లేకుండా సాగదు కదా! ఫిర్యాదుల సంగతి అలా ఉంచితే, అంతకంటే పెద్ద దెబ్బ కంటికి కనపడదు. పక్క ప్లాటు ఇళ్ల ధర పలికిందని తెలిశాక ఏ యజమాని అయినా తన షెడ్డును దీర్ఘకాలపు లీజుకు ఎందుకిస్తాడు? రేపు ఉంటామో లేదో తెలియని చోట కొత్త యంత్రం ఎవరు దించుతారు? ఒక్క ప్లాటు జోన్ మారితే చుట్టుపక్కల పది ఫ్యాక్టరీలు పెట్టుబడి ఆపేస్తాయి.

స్థానిక ఉపాధి కోసం పనిచేసే లీడ్ కౌన్సిల్ తరఫున డోనా డుషార్మ్ పట్టుకున్నది ఈ మెలికనే. మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ 1987 నవంబరులో హఠాత్తుగా పోయినా, మరుసటి ఏడు, ఆయన తర్వాత మేయరైన యూజీన్ సాయర్ హయాంలో ఆర్డినెన్సు నెగ్గింది.

రాసిన తీరు చూడండి. మొదట, హద్దు ఒక్కో ప్లాటుకు కాక మొత్తం ప్రాంతానికి గీశారు. అందులోంచి ఒక ముక్కను బయటికి లాగడం మామూలు జోన్ మార్పంత తేలిక కాకుండా చేశారు. తర్వాత, ప్రాంతాన్ని రెండుగా విడదీశారు. లోపలి భాగం తయారీ పనులకే. అంచున బఫర్ అనే పట్టీలో కొన్ని రకాల వ్యాపారాలకు చోటిచ్చారు. ఇళ్లు మాత్రం రెండింట్లోనూ కుదరవు. ఆ పట్టీ రెండు పనులు చేసింది: కొలిమికీ పడకగదికీ మధ్య ఎడం ఉంచింది, అంచున ఉన్న భూయజమానుల కోపాన్ని కొంత చల్లార్చింది. ఈ రాజీ లేకపోతే ఆర్డినెన్సు గట్టెక్కడం కష్టమయ్యేది. భూమి ధర ఇంతని చట్టం ఎక్కడా చెప్పలేదు. ధర పెరుగుతుందన్న ఆశకు మాత్రం హద్దు గీసింది.

1990లో ఇదే పద్ధతిని ఎల్‌స్టన్ కారిడార్‌కూ, నది మధ్యనున్న గూస్ ఐలండ్‌కూ విస్తరించారు. చూయింగ్ గమ్ కంపెనీ రిగ్లీ 2005లో తన పరిశోధన కేంద్రాన్ని గూస్ ఐలండ్‌లోనే తెరిచింది. అదే దీవిలో 2008 డిసెంబరులో రిపబ్లిక్ విండోస్ ఫ్యాక్టరీ ఉన్నట్టుండి మూతపడితే, కార్మికులు తమకు రావలసిన బకాయిల కోసం లోపలే బైఠాయించారు. జోనింగ్ నేలను నిలపగలదు, యాజమాన్యాన్ని నిలపలేదు. ఈ పరిమితిని కూడా లెక్కలో వేసుకున్నాకే ఆ చట్టాన్ని మెచ్చుకోవాలి.

ఫింకిల్ కర్మాగారం నగరం దక్షిణ భాగానికి తరలిపోయాక క్లైబోర్న్ పీఎండీ హోదాకు రోజులు దగ్గరపడ్డాయి. 2017లో నగరం దాన్ని ఎత్తేసింది. 2019లో ఫింకిల్ భూమితో కలిపి 50 ఎకరాలు దాటిన స్థలంలో లింకన్ యార్డ్స్ అనే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చింది. అయితే ఎత్తేసేటప్పుడు కూడా ఒక మంచి పని చేశారు. పారిశ్రామిక భూమిని వేరే వాడకానికి మార్చుకునేవాళ్లు రుసుము కట్టాలి, ఆ సొమ్ము నగరంలోని ఇతర పారిశ్రామిక కారిడార్ల బాగుకు వెళ్లాలి. జోన్ మారడంతో ఊరికే వచ్చిపడే లాభంలో నగరానికీ వాటా ఉందని ఒప్పించడం చిన్న సంగతి కాదు.

బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల ఒకప్పుడు హైదరాబాద్ శివార్లలోని పారిశ్రామిక వాడలు. ఇప్పుడు వాటి చుట్టూ అపార్టుమెంట్లే. అక్కడి భూముల మార్పిడి గురించి మాట వచ్చినప్పుడల్లా మనం మ్యాపులో రంగుల్నే చూస్తాం. ఆ రంగును మార్చే అధికారం ఎవరిది, ఒక్కో ప్లాటుకు మారుస్తారా, మొత్తం పేటను చూసి మారుస్తారా, వచ్చిన లాభం ఎవరికి చేరుతుంది అని అడగడం షికాగో ఆర్డినెన్సు నుంచి నేర్చుకోదగిన పని.