కథకెక్కని తొలిదర్శనము

యేసు పునరుత్థానమునందు తొలి క్రైస్తవులకు విశ్వాస మెట్లు కలిగినదను ప్రశ్నకు ఖాళీసమాధియే యుత్తరమని పలువురు తలంతురు. సువార్తలను శ్రద్ధతో చదివినచో నీ తలంపు నిలువదు. శూన్యమైన సమాధి యందు విశ్వాసమును గాక భయమును, కలవరమును పుట్టించుచున్నది. క్రీ. శ. 4వ శతాబ్దికి చెందిన సినాయి, వాటికన్ ప్రతులలో మార్కు సువార్త 16వ అధ్యాయము 8వ వచనముతోనే ముగియుచున్నది. అచ్చట స్త్రీలు భయపడి పారిపోయి యెవరితోను చెప్పరు. లూకాలో వారి మాటలను శిష్యులు నమ్మరు. యోహానులో మగ్దలేనే మరియ శవము నెవరో యెత్తుకొనిపోయిరని తలచును. సమాధిని చూచినంతనే నమ్మినవాడు యోహాను పేర్కొను ప్రియశిష్యు డొక్కడే.

సువార్తలకంటె ప్రాచీనమైన సాక్ష్యము పౌలుది. క్రీ. శ. 54-55 ప్రాంతమున కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో, 15వ అధ్యాయమున, తాను పరంపరగా పొందినదని చెప్పుచు నతడొక పట్టిక నిచ్చెను: కేఫా యనబడు పేతురు, పన్నిద్దరు శిష్యులు, ఐదువందలకు పైబడిన సోదరులు, యాకోబు, అపొస్తలులందరు, తుదకు తాను. పాతిపెట్టుట చెప్పబడినది గాని ఖాళీసమాధి ప్రసక్తి లేదు. స్త్రీల పేర్లును లేవు.

సాహిత్యవిద్యార్థులమైన మాకు విస్మయము గొల్పునది వేఱొకటి. పట్టికలో మొదటివాడైన పేతురు ఒంటరిగా పొందిన దర్శనము నాలుగు సువార్తలలో నెచ్చటను కథగా చెప్పబడలేదు. లూకా దానిని 24వ అధ్యాయమున నితరుల నోట నొక్క వాక్యములో ముగించెను. మరియ దర్శనమును యోహాను హృద్యముగా వర్ణించెను. ఆమె పేరు పట్టికలో లేదు. సువార్తికులు స్వేచ్ఛగా కల్పించువారే యైనచో మొదట పేతురు కథనే కల్పించియుందురు గదా!

ఈ ఖాళీని ఆధునికులు పూరింపజూచిరి. గెర్డ్ ల్యూడెమన్ 1994లో పేతురు దర్శనమును శోకమునుండియు, గురువు నెఱుగనని బొంకిన యపరాధభావమునుండియు పుట్టినదిగా వివరించెను. వివరణ మాకర్షకమే. కాని యది కథ లేనిచోట కట్టిన కథ. సంఘమును హింసించుచుండిన పౌలున కీ శోకము పొసగదు. అతని కొఱకు వేఱొక మనఃస్థితి నూహింపవలసివచ్చినది. ఎన్. టి. రైట్ 2003లో సమాధియు దర్శనములును కలిసియే విశ్వాసమునకు కారణమైనవని వాదించెను. సమాధి యొక్కటే చాలదని యతడంగీకరించుట యుచితము. పాతిపెట్టుట యను మాటలోనే సమాధిశూన్యత యిమిడియున్నదను సమాధానము మాత్రము మాకు తృప్తి నొసగలేదు.

పౌలు వాడిన గ్రీకు క్రియ ‘ఓఫ్థే’. తెలుగు బైబిలులో నిది ‘కనబడెను’ అని యున్నది, చక్కని యనువాదము. ‘చూచిరి’ యన్నచో చూచినవారు కర్తలు, ‘కనబడెను’ అన్నచో కనబడినవాడే కర్త. దేవుడు అబ్రాహామునకు ప్రత్యక్షమైన చోటను గ్రీకు పాతనిబంధనలో నీ క్రియయే కలదు. అయినను కంటికి కనబడెనా, అంతరంగమునకు గోచరించెనా యనుట నీ క్రియ తేల్చదు. అదే లేఖ 9వ అధ్యాయమున పౌలు తాను ప్రభువును చూచితిననియు ననుచున్నాడు.

విశ్వాసము దర్శనముతోనే మొదలైనదని మా నిర్ణయము. ఆ దర్శన మెట్టిదో చెప్పగలవాడు పేతురు. తాను మాఱిన మూడేండ్లకు పౌలు యెరూషలేమునకు పోయి యాతనియొద్ద పదునైదు దినము లుండెను, యాకోబునుగూడ చూచెను. గలతీయులకు వ్రాసిన లేఖలో నీ సంగతి యున్నది. ఆ దినములలో పేతురు తన దర్శనమును గూర్చి యేమి చెప్పెనో యందు లేదు.