పాత కెర్నెల్ తొలగింపు: ఒక విమర్శ

కంప్యూటరు యంత్రభాగాలకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడిపించునది కెర్నెల్. లినక్స్‌లో క్రొత్త కెర్నెల్‌ను చేర్చినపుడు పాతది చెరిగిపోదు, ప్రక్కనే ఉండును. క్రొత్తది మొరాయించినచో, యంత్రమును మరల ప్రారంభించి పాతదానినే ఎన్నుకొనవచ్చును. మెచ్చదగిన ఏర్పాటే.

తొలగింపు విషయములో మాత్రము అంత ముందుచూపు కనబడదు. ఫెడోరా మామూలుగా 3 కెర్నెళ్లను ఉంచి, మిగిలినవానిని తానే తీసివేయును. ఉబుంటు పాత కూర్పులలో అవి పేరుకొనిపోయెడివి. వానికై కేటాయించిన బూట్ విభాగము చిన్నదైనచో అది నిండి, క్రొత్త కెర్నెల్ స్థాపన సగములో ఆగిపోయెడిది. తరువాతి కూర్పులలో ఇది కొంత సవరింపబడినది.

చోటు కొరకు ఫైళ్లను చేతితో చెరుపుట పొరపాటు. ప్యాకేజీల లెక్క తప్పును. నడుచుచున్న కెర్నెల్ ఏదో ‘యునేమ్ -ఆర్’ అను ఆజ్ఞ తెలుపును. దానిని, సరిగా పనిచేసిన మరియొకదానిని ఉంచి, తక్కినవానిని ప్యాకేజీ నిర్వాహకము ద్వారానే తొలగించవలెను.