ఉదయశంకర్ బృందం నుంచి కుంచె దాకా: ఆలిస్ బోనర్

ఉదయశంకర్ బృందం అనగానే, పదేళ్ళ వయసులో అన్నగారి వెంట పారిస్ చేరిన రవిశంకర్ మన వాళ్ళందరికీ గుర్తొస్తాడు. ఆ బృందానికి డబ్బు పెట్టి, 1930లో ఉదయశంకర్‌తో మన దేశమంతా తిరిగి వాద్యాలూ, దుస్తులూ సమకూర్చి, ఐరోపా పర్యటనల భారం మోసిన స్విస్ శిల్పి ఆలిస్ బోనర్ ఎందరికి గుర్తు? (మన ఉగాది వేడుకల్లో జంబుఖానాలు పరిచేవారి పేర్లు మాత్రం మనం వేస్తున్నామా!)

1936లో ఆమె కాశీలో అస్సీ ఘాట్ దగ్గర స్థిరపడ్డారు. క్రమంగా ఉలి వదలి కుంచె పట్టారు. ఎల్లోరా శిల్పాల వెనుక ఆమెకు ఒక వృత్తం, దాన్ని సమభాగాలు చేసే గీతలు కనిపించాయి. ఆ సంగతి 1962లో గ్రంథంగా వచ్చింది. తన చిత్రాలకూ ఆ గీతలనే ఎముకల గూడుగా వాడుకున్నారు.

మా పేచీ ఇక్కడే. ఉదయశంకర్ నర్తిస్తుండగా ఆమె గీసిన రేఖాచిత్రాల్లో ఒక్క గీతతో మణికట్టు తిరుగుతుంది. 'ప్రకృతి', 'విశ్వరూప', 'కాళి' అనే మూడు పెద్ద చిత్రాల్లో ముందు కొలత కనబడుతుంది, తరువాతే దేవత. అయితే "విదేశీయురాలికి భక్తి ఎక్కడిది?" అనేవారితో మేము ఏకీభవించం. ఆ లెక్కన పరాయి దేశపు హాళ్ళలో మనం పాడే త్యాగరాజ కీర్తనల గతేమిటి? ఆమెకు లోపించింది భక్తి కాదు, కదలిక. ఏళ్ళ తరబడి నాట్యాన్ని దగ్గరుండి చూసిన మనిషి కదలికను వదులుకున్నారంటే, తెలిసే వదులుకున్నారని మా అనుమానం.

కాశీ వెళ్ళేవారు హిందూ విశ్వవిద్యాలయంలోని భారత్ కళాభవన్‌లో ఆమె పేరిట ఉన్న గదిని తప్పక చూడండి. రేఖాచిత్రాలు దొరికితే ముందు వాటినే చూడండి.