వేషం ముందు, మనసు తర్వాత

బెంగళూరులో రిటైరైన మగవాళ్లకు పొద్దు పోకపోవడమంటూ లేదు. తెల్లారితే లాల్‌బాగ్ నడక, ఆపైన ఫిల్టర్ కాఫీ, పేపరు, సాయంత్రం ఏదో ఒక గుళ్లో ప్రవచనం. బీఈఎల్‌లో, హెచ్‌ఏఎల్‌లో, బ్యాంకుల్లో జీవితమంతా పనిచేసినవాళ్లు. పెన్షన్ వస్తుంది, పిల్లలు ఫోన్ చేస్తారు. అయినా కబుర్ల మధ్య ఎవరో ఒకరు "ఇక నాతో ఎవరికి పని?" అంటారు. ఆ ప్రశ్నకు నాకు దొరికిన గట్టి జవాబు గిరీశ్ కాసరవళ్లి తీసిన కన్నడ సినిమా 'కూర్మావతార'. 2011 సంవత్సరానికి ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది.

అందులో ఆనందరావు పదవీ విరమణకు దగ్గరపడిన ప్రభుత్వోద్యోగి. పోలికలు కలిశాయని టీవీ సీరియల్‌వాళ్లు ఆయన్ని గాంధీ వేషం వేయమంటారు. ఆయన నటుడు కాదు, గాంధీని చదివినవాడూ కాదు. మొదట ఒప్పుకోడు. ఒప్పుకున్నాక కెమెరా ముందు కొయ్యబారిపోతాడు. చదవడం మొదలుపెడతాడు. చదివిన కొద్దీ ఆ వేషం షూటింగు అయ్యాక కూడా ఆయన్ని వదలదు. ఆ పాత్ర వేసిన శికారిపుర కృష్ణమూర్తి ఈ మార్పునంతా పెద్ద ఏడుపులు, పెద్ద డైలాగులు లేకుండా చూపించారు.

ఉద్యోగం వదిలాక నేనూ తెలుగు పద్యనాటకాల్లో వేషాలు కడుతున్నాను గనక ఈ సినిమా నన్ను అంతగా పట్టుకుంది. తిరుపతి వెంకట కవుల 'పాండవోద్యోగం'లో నాది ధర్మరాజు వేషం. భీముడు మండిపడుతుంటే కదలకుండా కూర్చోవాలి. కృష్ణుణ్ని రాయబారానికి పంపుతూ ఐదూళ్లు చాలన్నంతగా తగ్గాలి. ఆఫీసులో నలుగురికి పని పురమాయించిన గొంతు ఓ పట్టాన తగ్గదు. రిహార్సల్స్‌లో ముందు నడక పట్టుబడింది, తర్వాత ఊపిరి, ఆ తర్వాత పద్యం. ధర్మరాజు ఓర్పు ఎలాంటిదో తెలిసింది అన్నిటికన్నా చివర. కూర్చుని ఆలోచిస్తే అర్థం దొరుకుతుందని అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ముందు ఒళ్లు వంచాలి.

అయితే ఇదే కాసరవళ్లి 1986లో 'తబరన కథె' కూడా తీశారు. స్వర్ణకమలం వచ్చిన సినిమా, తబరగా చారుహాసన్‌కు ఉత్తమ నటుడి పురస్కారం. రిటైరైన ఆ చిరుద్యోగి పెన్షన్ కోసం తిరిగీ తిరిగీ మతి చెడిపోతాడు. అందుకే అర్థం సంగతి ఎత్తేముందు అన్నం సంగతి చూడాలి. పెన్షన్ అందని మనిషికి నాటకాలు వేసుకోమని చెప్పడం క్రూరత్వం.

ఇలాంటి కథలంటే జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'ఇకిరు' (1952) గురించి అందరూ చెబుతారు. గొప్ప సినిమానే. కాన్సరు వచ్చిందని తెలిసిన ప్రభుత్వాధికారి వాతనాబె పిల్లలకు పార్కు కట్టించి పోతాడు. కానీ అతని చేతిలో ఇంకా ఆఫీసు ముద్ర ఉంది. ఆనందరావుది ఇంకా కష్టమైన చోటు. సీరియల్ చూసినవాళ్లు ఆయన్ని గాంధీగానే చూడటం మొదలుపెడతారు, ఆయన నుంచి అంతే ఆశిస్తారు. ఆయన దగ్గరున్నది వేషమొక్కటే. దానికి తగ్గట్టు బతకగలనా అన్న ప్రశ్న దగ్గర ఆ మనిషి నలిగిపోవడాన్ని సినిమా దాచలేదు. నాకు నచ్చింది ఆ నిజాయితీ.

'కూర్మావతార'కు మూలకథ రాసిన కుం. వీరభద్రప్ప ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో ఏళ్లతరబడి బడిపంతులుగా పనిచేసిన కన్నడ రచయిత. మనకు అంత దగ్గరివాడి కథ మనవాళ్లలో చాలామందికి చేరలేదు. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి హాల్లో ఒక ఆదివారం తెలుగు సబ్‌టైటిల్స్‌తో ఈ సినిమా వేయాలని నా కోరిక. సబ్‌టైటిల్స్ రాసే పనికి రెండు భాషలూ తెలిసిన రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు. నేను సిద్ధం.