సీలో ఏమీ లేవన్నా

ఓఎస్ వేసే కుర్రాడు పని మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క మాట అడుగుతాడు: "సీ డ్రైవ్‌లో ఏమైనా ఉన్నాయా?" సిస్టమ్ తెచ్చినవాళ్లు తడుముకోకుండా "ఏమీ లేవు" అనేస్తారు. అబద్ధమేం కాదు, వాళ్లకు తెలిసిన నిజం అదే. ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే కదా పెట్టుకున్నది! డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా ఉండేది సీలోనే, యూజర్స్ ఫోల్డర్ కిందే అని వాళ్లకు ఎవరు చెప్పారు గనుక? "డెస్క్‌టాప్ మీద ఏమున్నాయి?" అని అడిగి ఉంటే నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలా వరకు పుట్టేవే కావు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిశాక, పదకొండు వేయించుకుందామని వెళ్లి లబోదిబోమంటూ వచ్చేవాళ్లు ఇంకాస్త పెరిగారు.

పోయిన ఫైళ్లు వెతకడంలో చేతివాటం కంటే చేతులు కట్టుకోవడం ముఖ్యం. ఫోన్ చేసిన వాళ్లకు ముందు చెప్పే మాట, "ఆఫ్ చేసి పక్కన పెట్టు." ఈలోపే కొందరు ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్ దించి, అదే డిస్క్‌లో వేసేసి ఉంటారు. వెతకాల్సిన చోటే కొత్త సామాను తెచ్చి కుమ్మరించాక ఇక వెతికేదేముంది?

తర్వాతి ప్రశ్న, ఫార్మాట్ కొట్టారా లేదా. కొట్టకుండా పైనే వేసుంటే బతికిపోయినట్టే. పాత విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్ ఫోల్డర్లను కొత్త విండోస్ మూటగట్టి సీలోనే విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. అయితే 10 రోజులు దాటితే దాన్ని తనే చెరిపేస్తుంది. "సిస్టమ్ బాగానే నడుస్తోంది, తీరిగ్గా చూద్దాం" అనుకునేవాళ్లు మునిగేది ఇక్కడే.

మొన్నామధ్య ఓ డీటీపీ తమ్ముడు వచ్చాడు. శుభలేఖలు, కరపత్రాలు, ఏళ్ల తరబడి చేసిన డిజైన్లన్నీ డెస్క్‌టాప్ మీదే. విండోస్.ఓల్డ్‌లో యూజర్స్, అందులో అతని పాత పేరు తెరవబోతే అనుమతి లేదంది. పేరు అదే, మనిషీ అతనే. కానీ పాత విండోస్‌లోని అతనూ కొత్త విండోస్‌లోని అతనూ కంప్యూటర్ లెక్కలో వేర్వేరు మనుషులు. కంటిన్యూ నొక్కి ఆగితే, ఆకుపచ్చ గీత నత్తనడక నడిచి, ఫోల్డర్ తెరుచుకుంది. ఫైళ్లన్నీ ఉన్నాయి. పేజ్‌మేకర్ 7లో ఓ శుభలేఖ తెరిచాడు. చి.ల.సౌ. ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ, కొక్కేలూ, డాలరు గుర్తులూ! మొహం పాలిపోయింది. "కరప్ట్ అయిపోయిందన్నా" అన్నాడు.

ఏమీ కాలేదు. అతను తెలుగుకు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కంటే ముందరి పద్ధతివి. ఇంగ్లిషు అక్షరాల గడుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. ఫాంటు లేకపోతే కింద ఉన్నది బయటపడుతుంది, అంతే. ఆ ఫాంట్లు ఉండేది పాత విండోస్ ఫోల్డర్‌లో కనుక, విండోస్.ఓల్డ్‌లోనే విండోస్, అందులో ఫాంట్స్ తెరిచి ఏరి తెచ్చి ఎక్కించాం. పేజ్‌మేకర్ మూసి తెరిస్తే పెళ్లికూతురు తన పేరుతో తిరిగొచ్చింది. టైపు చేయడానికి కీబోర్డు సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకోక తప్పదు, అది వేరే సంగతి.

ఫార్మాట్ కొట్టేస్తే పని వేరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొట్టేది క్విక్ ఫార్మాట్. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, ఇంకొకరు వచ్చి దున్నుకునేదాకా. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ చేసేది ఆ పొలానికి నేరుగా వెళ్లి చూడటమే. జేపెగ్ ఫొటో ఏదైనా ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే బైట్లతోనే మొదలవుతుంది. డిస్క్ పొడవునా అలాంటి ఆనవాళ్లు పట్టుకుని ఫైళ్లు తవ్వి తీస్తుంది. డబ్బులు అడగదు.

తీస్తుంది గానీ పేర్లు రావు. ఎఫ్ అక్షరం, దాని వెనక పొడుగాటి అంకె, అంతే. పాప అన్నప్రాశన ఫొటో పక్కనే బ్రౌజర్ దాచుకున్న చీరల ప్రకటన, దాని పక్కన ఎవరో పంపిన శుభోదయం గులాబీ. ఫొటో లోపల కెమెరా రాసిన తేదీ సాధారణంగా నిలిచే ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి వరసలో పెట్టిస్తాను. ఆ తర్వాత నా పని అయిపోయినట్టే. ఏది కావాలో ఏది చెత్తో ఆ ఇంటివాళ్లు కూర్చుని చూసుకోవాలి. విసుక్కుంటూ మొదలుపెట్టి, కాసేపటికి ఏరడం మానేసి ఫొటోలు చూస్తూ ఉండిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ తవ్వకాలన్నీ పాత హార్డ్‌డిస్క్‌ల మాటలు. ఎస్ఎస్‌డీకి ఫార్మాట్ కొడితే, ఆ గడులిక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో డిస్క్‌కు చెప్పేస్తుంది. అది లోపల్లోపలే ఖాళీ చేసుకుంటుంది. పైన బిట్‌లాకర్ తాళం కూడా ఉండి, 48 అంకెల కీ దొరక్కపోతే అటు చూడటమే దండగ. అలాంటివి వస్తే గంటలు గంటలు స్కాన్ పెట్టి ఆశ చూపించను. పాత ఫోన్‌లో, పంపిన మెయిళ్లలో, గూగుల్ ఫొటోస్‌లో వెతకమంటాను. అక్కడ దొరికినవాళ్లు లేకపోలేదు.

డీటీపీ తమ్ముడు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "ఇకనుంచి భయం లేదన్నా, అన్నీ డీ డ్రైవ్‌లోకి మార్చేశాను." అతని సిస్టమ్‌లో సీ, డీ రెండూ ఒకే డిస్క్. "రేపు వచ్చేటప్పుడు ఓ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనుక్కురా" అన్నాను.